విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రాత్రి బండిలో హత్య: రాసేముందు, తీసేముందు తెలియాల్సినవి

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. మొదటి సినిమా, ఒక్క రాత్రిలో ముగిసే కథ. విశాఖలో సాయంత్రం బయల్దేరి తెల్లారేసరికి సికింద్రాబాద్ చేరే ఎక్స్‌ప్రెస్‌లో, ఏసీ బోగీలో ఒక హత్య. బడ్జెట్ చిన్నది. స్క్రిప్టు నమ్మేలా ఉండాలంటే ఏం చూసుకోవాలి, నిజం బండిలో తియ్యాలా, సెట్ వెయ్యాలా అని అడిగారు.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. కథ రాసేసుకుని తర్వాత దాన్ని బండెక్కించకండి. ముందు బండిని పట్టుకోండి. దాని టైంటేబుల్, బోగీల వరుస, బెర్తుల నంబర్లు ముందు పెట్టుకుని వాటిలోంచి కథ తియ్యండి. బంగళాలో జరిగిన హత్యకు లేనిది బండిలో హత్యకు ఉంటుంది: తర్వాతి స్టేషన్. హంతకుడికి అది దిగిపోయే అవకాశం, పోలీసుకు పట్టుకునే చోటు, చూసేవాడికి గడియారం. ఆ గడియారాన్ని వాడుకోని ట్రైన్ థ్రిల్లర్ రెండో సగానికల్లా నీరుగారిపోతుంది.

మీ రూటు చాలా మంచిది. దాదాపు ఏడు వందల కిలోమీటర్లు, పన్నెండు గంటల ప్రయాణం. అనకాపల్లి, తుని, సామర్లకోట, రాజమండ్రి, తాడేపల్లిగూడెం, ఏలూరు, విజయవాడ, ఖమ్మం, వరంగల్, కాజీపేట, సికింద్రాబాద్. ఒక పెద్ద కాగితం తీసుకుని స్టేషన్‌కో గడి గీయండి. ఎన్నింటికి వస్తుంది, ఎన్ని నిమిషాలు ఆగుతుంది, ప్లాట్‌ఫారం ఏ పక్కన, మీ పాత్రల్లో ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరు నిద్రపోయారు, అన్నీ రాయండి. వేళలు మారుతుంటాయి కాబట్టి తాజా టైంటేబుల్ చూసి రాయండి. చాలాచోట్ల ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. రెండు నిమిషాల్లో శవం దించే సీన్ రాస్తే ఎవరూ నమ్మరు. అదే రెండు నిమిషాల్లో ఒక మనిషి సంచి మార్చుకుని పక్క బోగీ ఎక్కడం నమ్ముతారు.

ఇంటర్వెల్ ఎక్కడ పడాలో ఈ రూటే చెబుతోంది. విశాఖ వైపు నుంచి వచ్చే లైను, కాజీపేట వెళ్లే లైను రెండూ విజయవాడ స్టేషన్‌ను ఒకే కొసన, ఉత్తరం వైపున కలుస్తాయి. అందుకని ఈ దారిన వెళ్లే బండి విజయవాడలో దిశ మార్చుకోవాలి. ముందున్న ఇంజన్ విప్పుతారు, వెనక కొసన ఇంజన్ తగిలిస్తారు, బండి వచ్చిన వైపే బయల్దేరుతుంది. అంతవరకు ఇంజన్ నుంచి మూడోదిగా ఉన్న బోగీ ఇప్పుడు చివరి నుంచి మూడోది. బండి పోయే వైపు ముఖం పెట్టి కూర్చున్నవాడు ఇప్పుడు వెనక్కి ప్రయాణిస్తున్నాడు. ఇది జరిగేటప్పటికి బోగీలో సగంమంది నిద్రలో ఉంటారు. సాక్షి ఒకడు 'ఇంజన్ వైపు పరిగెత్తాడు సార్' అంటే, అది విజయవాడకు ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి అర్థం పూర్తిగా తిరగబడుతుంది. సస్పెన్స్ రాసేవాడికి ఇంతకంటే మంచి ముడి ఇంకేం దొరుకుతుంది? అబద్ధం ఒక్కటి కూడా చెప్పకుండా ప్రేక్షకుడిని దారి తప్పించవచ్చు. అయితే గుంటూరు, నల్గొండ మీదుగా వెళ్లే ఫలక్‌నుమా లాంటి బండ్లకు ఇది వర్తించదు, అవి నేరుగా దక్షిణం వైపు దాటిపోతాయి. కథను హౌరా–చెన్నై బండికి మార్చుకుంటే ఇదే మలుపు విశాఖ స్టేషన్‌లో దొరుకుతుంది. అక్కడికి వచ్చే బండ్లు కూడా ఇంజన్ రెండో కొసకు మార్చుకునే బయటపడతాయి.

రెండో వరం గోదావరి. రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1997లో వాడకంలోకి వచ్చిన ఆర్చ్ బ్రిడ్జి పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దాటితే రెండు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది. గోదారి రాగానే మనవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు: చిల్లర వెతుక్కుంటారు, నీళ్లలో వేసి దండం పెట్టుకుంటారు. స్లీపర్‌లో అయితే కిటికీలోంచే వేస్తారు. ఏసీ బోగీ కిటికీలు తెరుచుకోవు కాబట్టి నాణెం వెయ్యాలంటే లేచి తలుపు దగ్గరికి వెళ్లాలి. అంటే ఆ రెండున్నర నిమిషాలు బెర్తుల దగ్గర మనుషులు పలచబడతారు, తలుపు దగ్గర గుంపు ఉంటుంది, వంతెన మోత మాటలను మింగేస్తుంది. ఇది మన మనుషులకు, మన రూటుకు సొంతమైన సీన్.

ఇక బోగీ. ఇప్పటి కథ అయితే ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీయే రాయండి. పాత నీలం ఐసీఎఫ్ బోగీల తయారీ 2018లో ఆగిపోయింది. ఐసీఎఫ్ థర్డ్ ఏసీలో 64 బెర్తులు, ఎల్‌హెచ్‌బీ థర్డ్ ఏసీలో 72. ఐసీఎఫ్ స్లీపర్‌లో 72, ఎల్‌హెచ్‌బీలో 80. బెర్తు నంబరు డైలాగులో వచ్చిందంటే చూసేవాళ్లలో సగంమంది మనసులో లెక్క వేసుకుంటారు. థర్డ్ ఏసీలో, స్లీపర్‌లో ఎనిమిది బెర్తులకు ఒక బే, అంటే బోగీలో ఒక అర. నంబరును ఎనిమిదితో భాగిస్తే శేషం 1, 4 వస్తే లోయర్, 2, 5 మిడిల్, 3, 6 అప్పర్, 7 సైడ్ లోయర్, శేషం లేకపోతే సైడ్ అప్పర్. హతుడిది 44 అనుకుందాం, అది లోయర్. దారికి అటు పక్కన 47 సైడ్ లోయర్, దాని మీద 48. అర్ధరాత్రి 48లో పడుకున్నవాడికి ఎదుటి అప్పర్ బెర్తులు బాగా కనిపిస్తాయి, కింది 44 మిడిల్ బెర్తు చాటున పడిపోతుంది. 47లో ఉన్నవాడికి 44 కనిపిస్తుంది గానీ పైన ఎవరున్నారో కనిపించదు. ఇద్దరు సాక్షుల మాటలు పొంతన కుదరకపోవడానికి ఇంతకంటే నిజాయితీ గల కారణం ఉండదు. సెకండ్ ఏసీకి వెళ్తే బెర్తులకు కర్టెన్లు ఉంటాయి, మిడిల్ బెర్తు ఉండదు, ఆరుకో బే. థర్డ్ ఏసీలో కర్టెన్ పెట్టి హత్య చాటు చేస్తే తప్పు పట్టేస్తారు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే మిడిల్ బెర్తు వేసుకునే నియమం. అంటే మీ కథలో పదింటి దాకా లోయర్ బెర్తు అందరిదీ, ఆ తర్వాత ఒక్కరిది. బే స్వరూపమే మారిపోతుంది. పదిన్నరకు జరిగే గొడవను, తొమ్మిదింటికి జరిగే గొడవను ఒకే రకంగా బ్లాకింగ్ (నటులు ఎక్కడ ఉండాలి, ఎటు కదలాలి అన్న ఏర్పాటు) చెయ్యకండి.

గది లోపల గడియ వేసి ఉండగా హత్య జరిగినట్టు కావాలంటే ఫస్ట్ ఏసీ ఒక్కటే దారి. ఇద్దరికి కూపే, నలుగురికి క్యాబిన్, తలుపుకు లోపల గడియ. ఇక్కడ చాలామంది రచయితలు పట్టించుకోని విషయం ఒకటుంది. ఫస్ట్ ఏసీలో టికెట్ ఖరారైనా క్యాబిన్ నంబరు ముందే రాదు, చార్టు (ఎవరికి ఏ బెర్తో తేల్చే చివరి జాబితా) వేసేటప్పుడు కేటాయిస్తారు. కాబట్టి నెల ముందే 'ఫలానా కూపేలో చంపుదాం' అని పథకం వేసే హంతకుడిని రాయడం పొరపాటు. చార్టు పడ్డాకే తెలుస్తుంది, చార్టు చూడగల మనిషి అనుమానితుల్లో ఒకడవుతాడు. ఆ చార్టు చాలాకాలం బండి బయల్దేరడానికి నాలుగు గంటల ముందు వేసేవారు, 2025 నుంచి ఇంకా ముందే వేస్తున్నారు. పాతకాలం కథ అయితే ఇంకో సౌకర్యం: బోగీ తలుపు పక్కన ప్రయాణికుల పేర్లు, వయసులతో కాగితం అతికించేవారు. ప్లాట్‌ఫారం మీద నిలబడి వేలుపెట్టి చదివి, శత్రువు ఏ బెర్తులో ఉన్నాడో తెలుసుకోవచ్చు. ఆ పద్ధతిని 2018 నుంచి ఎత్తేస్తూ వచ్చారు. అలాగే 2010 డిసెంబరుకు ముందు బండి నంబర్లు నాలుగంకెలే, ఐదంకెల బోర్డు పెడితే కాలం తప్పినట్టే.

బండిలో మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి నడవగలడో గీసుకోండి. రిజర్వేషన్ బోగీలు వెస్టిబ్యూల్‌తో (బోగీకీ బోగీకీ మధ్య నడిచే దారితో) కలిసే ఉంటాయి గానీ రాత్రి స్లీపర్‌కూ ఏసీకీ మధ్య తలుపు సాధారణంగా మూసేస్తారు. జనరల్ బోగీల్లోకి లోపలి దారి ఉండదనుకునే రాయండి. ఇంజన్‌లోకి అసలే లేదు. టీసీ పరిగెత్తుకెళ్లి లోకో పైలట్‌కు చెప్పడం కుదరదు. ఆయన ఫోన్‌లో బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ ఆఫీసుకు చెప్పాలి, లేదా చివరి బోగీలో ఉన్న గార్డుకు కబురు అందాలి, గార్డు వాకీటాకీలో లోకో పైలట్‌తో మాట్లాడతాడు. గార్డు హోదా పేరు 2022లో ట్రైన్ మేనేజర్ అని మార్చారు, కానీ జనం నోట ఇంకా గార్డే. డైలాగులో గార్డు అనండి, ఆయన బ్యాడ్జీ మీద మాత్రం కొత్త పేరు ఉండాలి.

చైన్ లాగగానే బండి కీచుమంటూ అక్కడికక్కడే ఆగిపోవడం సినిమాల్లో పాతుకుపోయిన అబద్ధం. బ్రేక్ పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి ఉంటుంది. చైన్ లాగితే ఆ బోగీ దగ్గర వాల్వు తెరుచుకుని గాలి బయటికి పోతుంది, ఒత్తిడి తగ్గుతుంది, లోకో పైలట్ ముందున్న మీటరు అది చూపిస్తుంది, ఆయన బండి ఆపుతాడు. వంద కిలోమీటర్ల పైన వేగంలో ఉన్న బండి ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. కాబట్టి చైన్ లాగిన చోటు వేరు, బండి ఆగిన చోటు వేరు. మీ పోలీసు ఆగిన చోట వెతుకుతుంటే, పారేసిన సంచి కిలోమీటరు వెనక పొదల్లో ఉంటుంది. ఆగాక బయట బుస్సుమని గాలి పోయే చప్పుడు, బోగీ పక్కన లైటు చూసి సిబ్బంది వచ్చి వాల్వును మామూలు చేస్తారు. ఏ బోగీయో తెలుస్తుంది, చెయ్యి ఎవరిదో తెలియదు. కారణం లేకుండా లాగితే 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

బోగీ పైకప్పు మీద ఫైటు దయచేసి వద్దు. పైన తీగలో 25,000 వోల్టులు. తీగ ఎత్తు పట్టాల నుంచి దాదాపు ఐదున్నర మీటర్లు, పైకప్పు ఎత్తు నాలుగు మీటర్లు. మధ్యలో మిగిలేది మీటరున్నర. నిలబడ్డ మనిషి తల తీగకు తగులుతుంది. తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా కరెంటు దూకుతుంది. చూసి అనుకరించే కుర్రాళ్లుంటారు, ఆ బాధ్యత మనదే. కదిలే బండి నుంచి ఎవరైనా దిగాలంటే మెయిన్ లైన్ వదిలి లూప్ లైన్‌లోకి (స్టేషన్ దగ్గర పక్కకు చీలే పట్టాల మీదికి) మళ్లే చోటు చూసుకోండి. అక్కడ వేగం మామూలుగా 30 కిలోమీటర్లో అంతకన్నా తక్కువో ఉంటుంది. లేదా ఔటర్‌లో, అంటే స్టేషన్ బయట, సిగ్నల్ కోసం ఆగినప్పుడు.

ఆధారాలు మాయం చెయ్యడం గురించి. పాత బోగీల్లో టాయిలెట్ నేరుగా పట్టాల మీదికి తెరుచుకునేది, చాకు వేస్తే పట్టాల మీద పడేది. ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు, కింద ట్యాంకు ఉంటుంది. అందులో వేసినది బండితోపాటే సికింద్రాబాద్ వస్తుంది. పాత సినిమాలు చూసి పెరిగిన హంతకుడు అక్కడ వేసి నిశ్చింతగా ఉండటం, తెల్లారి ఆ ట్యాంకే అతన్ని పట్టివ్వడం మీరు వాడుకోవచ్చు. సీసీ కెమెరాల సంగతీ తేల్చండి. అన్ని బోగీల్లో తలుపుల దగ్గర రెండేసి చొప్పున నాలుగు కెమెరాలు పెడతామని రైల్వే 2025 జులైలో ప్రకటించింది. మీ కథ జరిగే బోగీలో పెట్టారా లేదా అన్నది ఒక చిన్న డైలాగులోనైనా చెప్పాలి, లేకపోతే ప్రేక్షకుడు బయటికొచ్చి అదే అడుగుతాడు.

రెండో సగానికి అసలు బలం పోలీసు వ్యవహారంలో ఉంది. ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) కేంద్రానిది, రైల్వే ఆస్తి, ప్రయాణికుల భద్రత చూస్తుంది. హత్య కేసు దర్యాప్తు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే రైల్వే పోలీసుది, అంటే జీఆర్‌పీది. బండిలో ఎస్కార్ట్‌గా ఉన్న ఆర్‌పీఎఫ్ జవాను చేత ఇంటరాగేషన్ మొత్తం చేయించకండి. అతను చోటు కాపాడతాడు, ఎవరినీ దిగనివ్వడు, కబురు పంపుతాడు. ఇప్పుడు మీ రూటు చూడండి. విజయవాడ దాటాక ఎర్రుపాలెం దగ్గర బండి తెలంగాణలో ఉంటుంది. శవం ఖమ్మంలో బయటపడింది, ప్రాణం పోయింది ఏలూరు ముందు అనుకోండి. అప్పుడు కేసు ఎవరిది? ఎక్కడ ఫిర్యాదు ఇచ్చినా తీసుకోవాలి, అదే జీరో ఎఫ్ఐఆర్, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. విచారణ విషయానికొస్తే ప్రయాణంలో జరిగిన నేరాన్ని ఆ ప్రయాణం సాగిన దారిలోని ఏ కోర్టయినా విచారించవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత 203వ సెక్షన్ చెబుతుంది. శవ పంచనామా అదే చట్టం 194 కింద. ఇది 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు కథ అయితే పాత చట్టమైన సీఆర్‌పీసీ 183, 174 అని రాయాలి. మరణించిన సమయాన్ని బట్టి ఫైలు ఏ రాష్ట్రానికి పోతుందో తేలే పరిస్థితి ఇది. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఫోన్‌లో 'మీదంటే మీది' అనుకుంటూ ఉండగా బండి మహబూబాబాద్ దాటిపోతుంటుంది, అనుమానితుడు వరంగల్‌లో దిగాలి. మీకు కావలసిన టెన్షన్ అక్కడుంది.

శవం దొరికింది కదా అని బండిని గంటల తరబడి ఆపెయ్యరు. దించే ఏర్పాటు ఉన్న స్టేషన్‌లో దించి, వివరాలు రాసుకుని, సామాను స్వాధీనం చేసుకుని బండి పంపేస్తారు. కాబట్టి మీ కథకు సాక్షులందరూ ఒకేచోట దొరికే సమయం చాలా తక్కువ. దాన్ని దాచకండి, చూపించండి.

ఇక తియ్యడం. నిజం బండిలో మొత్తం సినిమా తీద్దామనుకోకండి. అనుమతి దొరకదని కాదు. ఒకే జోన్ పరిధిలో అయితే జోన్ ముఖ్య ప్రజాసంబంధాల అధికారి కార్యాలయం, ఒకటి కంటే ఎక్కువ జోన్లయితే రైల్వే బోర్డు చూస్తాయి. స్క్రిప్టు ఇవ్వాలి, లైసెన్సు రుసుము, డిపాజిట్, బీమా ఉంటాయి, ప్రత్యేక బండి కావాలంటే దాని చార్జీలు వేరే. అసలు ఇబ్బంది నిజం బోగీలో రెండో టేక్‌కు బయట లైటు మారిపోవడం, కెమెరా వెనక్కి జరిగే చోటు లేకపోవడం, సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే రికార్డు చేసే మాటలు) పనికిరాకపోవడం. నిజం బండి మీద మూడు రకాల షాట్లే తియ్యండి: ప్లాట్‌ఫారం మీద ఎక్కే, దిగే సీన్లు, బండి మొత్తం కనిపించే వైడ్ షాట్లు, కిటికీ బయట కనిపించే దృశ్యం. పాటలకూ బిల్డప్‌కూ కాకుండా ఈ మూడింటికే అనుమతి రోజులు వాడితే ఖర్చు అదుపులో ఉంటుంది. స్టేషన్ అవసరం చిన్నదైతే రామోజీ ఫిల్మ్ సిటీలో స్టేషన్ సెట్ సిద్ధంగానే ఉంది. బండికి, రూటుకు నిజం పేరు పెట్టకుండా కల్పిత పేరు, నంబరు పెట్టుకోండి, స్టేషన్ల వరుస మాత్రం నిజంగా ఉంచండి.

లోపలి సీన్లన్నీ సెట్‌లోనే. నాలుగు బేలు, ఒక తలుపు, వాష్‌బేసిన్, టాయిలెట్ ఉన్న కొస, ఒక వెస్టిబ్యూల్ ముక్క. ఇంతే చాలు. ఒక్కో బే దాదాపు రెండు మీటర్లు వేసుకోండి. బోగీ నంబరు, బెర్తు నంబర్ల స్టిక్కర్లు, సీటు రంగు మార్చి అదే సెట్‌ను మూడు బోగీలుగా చూపించవచ్చు. కెమెరా సౌకర్యం కోసం నడవ వెడల్పు పెంచడం పెద్ద తప్పు. మన ప్రేక్షకుడు ఆ నడవలో సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్లినవాడే, అరడుగు పెంచినా ఏదో తేడా ఉందని వెంటనే పసిగడతాడు. వెడల్పు నిజంది ఉంచి, కిటికీ గోడ, బేల మధ్య గోడలు, పైకప్పు పలకలు విడదీసేలా కట్టించండి. నాలుగు బేలకు 32 మంది జూనియర్ ఆర్టిస్టులు. ఎవరు ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా ఏ బెర్తులో ఉంటారో అసిస్టెంట్ డైరెక్టర్ చేతిలో చార్టు ఉండాలి. తుని దగ్గర దిగిన పెద్దాయన ఖమ్మంలో వెనక కనిపిస్తే మీ సస్పెన్స్ అంతా ఆయన మీదికి పోతుంది.

కుదుపు కోసం సెట్ మొత్తాన్ని స్ప్రింగుల మీద ఎక్కించే ఖర్చు చిన్న సినిమాకు అక్కర్లేదు. 1952లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'ద నారో మార్జిన్'లో బోగీ సెట్‌ను నేలకు బిగించి, కెమెరాను చేత్తో పట్టుకుని కదిలించారు. అందులో నేపథ్య సంగీతం కూడా లేదు, రైలు చప్పుళ్లే ఆ పని చేశాయి. మీరు కెమెరా కదలికతోపాటు వేలాడే వస్తువులన్నీ కదిలించండి: బ్యాగు పట్టీలు, సీసాలో నీళ్లు, కర్టెన్. ఒక్కోదానికి దారం కట్టి ఒక కుర్రాడికి అప్పజెప్పండి. పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు) దాటేటప్పుడు నిలబడ్డవాళ్లంతా ఒకే వైపు ఒరగాలి. ఇది రిహార్సల్ చెయ్యకపోతే ఒక్కొక్కరు ఒక్కో బండిలో ఉన్నట్టుంటారు.

కిటికీ బయట లైటుకు ఒక లెక్క ఇస్తాను. కరెంటు స్తంభాల మధ్య దూరం ఎక్కువగా 54 నుంచి 72 మీటర్ల లోపు. 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. కాబట్టి పగటి సీన్లో స్తంభం నీడ రెండు, రెండున్నర సెకన్లకు ఒకసారి ముఖం మీదుగా పోవాలి. అర సెకనుకో నీడ వేస్తే బండి నాలుగు వందల వేగంతో పోతున్నట్టు. ఎదురుగా 24 బోగీల బండి అదే వేగంతో వస్తే దాటడానికి దాదాపు పది సెకన్లు. తుపాకీ మోత దాచడానికి మీ హంతకుడికి ఉన్నది ఆ పది సెకన్లే. రాత్రి సీన్లో బయట దృశ్యాలు ఎక్కువ పెట్టకండి. లోపల లైటుంటే కిటికీ అద్దంలా పనిచేస్తుంది, బయట చీకటే. అప్పుడప్పుడు లెవెల్ క్రాసింగ్ లైటు, స్టేషన్ దాటేటప్పుడు ఇరవై సెకన్ల వెలుగు. డబ్బూ మిగులుతుంది, నిజమూ అదే. ఏసీ కిటికీకి రెండు అద్దాలు కాబట్టి ప్రతిబింబం కాస్త జంటగా పడుతుంది. వెనక నుంచి వచ్చే మనిషిని హీరోయిన్ తల తిప్పకుండా అందులో చూడవచ్చు. కెమెరా యూనిట్ కూడా అందులోనే కనిపిస్తుంది, అద్దాన్ని కొద్దిగా వంచేలా ఫ్రేము కట్టించండి.

సౌండ్‌లో 'తడక్ తడక్' వద్దు. అది 13 మీటర్ల పట్టాలను ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పలకలతో కలిపిన రోజుల చప్పుడు. ఇప్పుడు మెయిన్ లైన్ పట్టాలు పొడవునా వెల్డింగ్ చేసినవి, ఏసీ బోగీలో వినిపించేది ఒకే శ్రుతిలో సాగే హోరు, దాని మీద ఏసీ గాలి. స్టేషన్ యార్డులో పాయింట్ల మీద మాత్రం గలగలమంటుంది. ఆ తేడాను దాచుకోండి. గంటన్నర పాటు హోరు విన్న చెవికి ఒక్కసారిగా పాయింట్ల చప్పుడు తగిలితే, ఏ పాత్రా నోరు విప్పకుండానే స్టేషన్ వస్తోందని హాల్లో అందరికీ తెలుస్తుంది. నేపథ్య సంగీతం చేసేవారికి రీరికార్డింగ్‌కు ముందే ఈ ట్రాక్ ఇవ్వండి. సంగీతం వేశాక దాని కింద రైలు చప్పుడు అతికిద్దామంటే రెండూ ఒకే చోట కొట్టుకుంటాయి, మిక్సింగ్‌లో చివరికి రైలు చప్పుడే తగ్గించేస్తారు.